పైకి బాగానే కనిపించే ఆ గంటలు

మాత్రలు ఎక్కువగా మింగిన అమ్మాయి ఒక్కోసారి నడుచుకుంటూనే ఆస్పత్రికి వస్తుంది. కాస్త వికారం తప్ప ఏమీ లేదంటుంది. కన్నవాళ్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది. మింగింది పారాసెటమాల్ అయితే ఆ ఊరటను నమ్మకూడదు. మొదటి రోజు పెద్దగా లక్షణాలు లేకపోయినా లోపల కాలేయం దెబ్బతింటూ ఉండొచ్చు. కళ్లు పచ్చబడేసరికి చాలా నష్టం జరిగిపోతుంది.

దీనికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే మంచి విరుగుడు ఉంది. మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే కాలేయాన్ని దాదాపు ప్రతిసారీ కాపాడుతుంది. ఆలస్యమైనా ఇవ్వాల్సిందే, కానీ ఆ భరోసా తగ్గుతూ పోతుంది. ఇంత మంచి మందు ఉండి కూడా పిల్లలు చనిపోవడం మమ్మల్ని కలచివేస్తోంది. ఆ విలువైన గంటలు దాపరికంలోనే కరిగిపోతున్నాయి. తిడతారని పిల్లలు చెప్పరు. పరువు పోతుందని పెద్దలు డాక్టర్ దగ్గర ‘తిన్నదేదో పడలేదు’ అంటారు. ఏ మందు, ఎన్ని మాత్రలు, ఏ సమయంలో అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. ఖాళీ స్ట్రిప్పులను చెత్తబుట్టలోంచి ఏరైనా సరే వెంట తీసుకెళ్లాలి.

ఉప్పునీళ్లు తాగించి కక్కించే అలవాటు మానాలి. మత్తులో ఉన్నవారికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ ఉప్పే ప్రాణం తీయొచ్చు కూడా. వాంతి తెప్పించే ఇపెకాక్ సిరప్‌ను ఇళ్లలో వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2003లోనే చెప్పింది. పసిపిల్లల విషయంలో మరో జాగ్రత్త ఉంది. పెద్దలు వాడే కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా, చాలా గంటల తర్వాత రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆడుకుంటున్నారు కదా అని వెంటనే ఇంటికి పంపేయకూడదు.

విరుగుడు మందు నిల్వ లేని అత్యవసర విభాగం ఉండకూడదు. మింగిన 4 గంటలకు రక్తంలో పారాసెటమాల్ మోతాదు చూసే పరీక్ష రాత్రిపూట కూడా జరగాలి. ప్రభుత్వాలు అమ్మకాల మీదా దృష్టి పెట్టాలి. బ్రిటన్ 1998లో పారాసెటమాల్ ప్యాకెట్ల పరిమాణాన్ని తగ్గించాక ఆ మందుతో జరిగే మరణాలు తగ్గాయి.

కావాలని మింగిన పిల్లలకు కాలేయం కోలుకోగానే వైద్యం అయిపోయినట్టు కాదు. వార్డులో వాళ్లను దోషుల్లా నిలదీయడం ఆపాలి. మానసిక వైద్యులు తీరిగ్గా కూర్చుని మాట్లాడాకే ఇంటికి పంపాలి. మళ్లీ ఏ రోజు వచ్చి కలవాలో డిశ్చార్జి కాగితం మీద తేదీతో సహా రాసివ్వాలి.