పడింది వార్డులో, రాసింది ఇంట్లో అని

వరంగల్‌లోని ఓ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా తడి నేల మీద జారిపడింది. చెయ్యి విరిగింది. కట్టు కట్టింది ఆ ఆసుపత్రివాళ్లే. కేస్‌షీటులో మాత్రం ‘ఇంటి దగ్గర పడింది’ అని రాశారు. జారడం పొరపాటున జరిగి ఉండొచ్చు. ఆ రాత మాత్రం తెలిసి రాసిందే.

ఆ రాత ఖరీదెంతో చూడండి. డ్యూటీలో దెబ్బ తగిలితే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద కోలుకునేదాకా జీతంలో దాదాపు 90 శాతం వస్తుంది. పనిలో చేరిన మొదటి రోజే పడ్డా వస్తుంది. చెయ్యి శాశ్వతంగా దెబ్బతింటే పింఛను కూడా ఉంది. ఇంట్లో పడిందంటే అది మామూలు జబ్బు సెలవే. అప్పుడొచ్చేది 70 శాతం, ఏడాదికి 91 రోజులు మించదు, అదీ 78 రోజుల చందా పడి ఉంటేనే. వైకల్యం మిగిలినా ఆ పింఛను రాదు. నెలకు 21 వేలు కూడా దాటని మనిషి నోటికాడి కూడు ఒక్క అబద్ధంతో లాగేశారు.

రోగుల తాకిడి ఎక్కువ, నేల కడగడం ఆపలేం అంటున్నాయి యాజమాన్యాలు. ఆపమని అడిగిందెవరు? ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చిన బంధువులు వరండాలో పడుకుని ఉంటే, వాళ్లను దాటుకుంటూ ఫినాయిల్ నీళ్ల మీద స్ట్రెచర్ తోసేవాళ్లకు జారని చెప్పులు కావాలి. మెట్ల దగ్గర వెలిగే లైటు కావాలి.

‘ఏజెన్సీ మనిషి, మాకు సంబంధం లేదు’ అన్న మాట కూడా చెల్లదు. ఈఎస్ఐ లేని కాంట్రాక్టు కూలీ, పని చేయించుకున్న సంస్థనే పరిహారం అడగొచ్చని 1923 నాటి కార్మిక పరిహార చట్టమే చెప్పింది. రోగి మంచం మీంచి పడితే నాణ్యత సర్టిఫికెట్ కోసం జాగ్రత్తగా లెక్క రాస్తారు. సొంత ఆయా పడితే ఆ లెక్క ఏమైంది?

ఈ అలవాటును ఇక్కడే ఆపాలి. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి తలపెట్టిన ఊరిది. అక్కడా తడిగుడ్డ పెట్టేది ఏజెన్సీ మనుషులే. ఈ దొంగరాత చెల్లిపోతే రేపు అక్కడా ఇదే పద్ధతవుతుంది.

యాజమాన్యం ఈ వారంలోనే కేస్‌షీటు సరిదిద్ది, ప్రమాదాన్ని రిజిస్టరులో ఎక్కించి, ఈఎస్ఐకి రిపోర్టు పంపాలి. కింద సంతకం పెట్టిన డాక్టరు కూడా సమాధానం చెప్పాలి. ఊరందరి ఎముకలు అతికించే చోట సొంత మనిషి విరిగిన చేతి మీద అబద్ధం రాసినందుకు సిగ్గుపడాలి.