ఆఫీసు మూలనున్న అదనపు కుర్చీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అదనపు కుర్చీ గారికి,

ఏడాది పొడవునా పాత ఫైళ్లు మోస్తూ మూలన పడి ఉండే మీకు, జాబ్ షాడోయింగ్ రోజున మాత్రం రాజయోగం పడుతుంది. దుమ్ము దులిపి మేనేజరు గారి పక్కన వేస్తారు. ఒక విద్యార్థిని తెచ్చి మీ మీద కూర్చోబెట్టి, "ఇవాళంతా సారు పని ఎలా చేస్తారో చూడు బాబూ" అంటారు.

చూద్దామనే వస్తాడు పాపం. ఆ రోజు సారు పని చేస్తే కదా!

రోజూ ఈపాటికి ఎక్సెల్‌లో తేడా వచ్చిన లెక్క దొరక్క తల పట్టుకునే పెద్దమనిషి, ఆ పూట ఇస్త్రీ చొక్కాలో ఫ్లోరంతా తిప్పి చూపిస్తాడు. "టీమ్ వర్కే మా బలం" అంటాడు. పక్క టీముతో వారం నుంచి మాటల్లేవని మీకూ నాకూ తెలుసు. కస్టమర్ ఫోన్ మోగితే గబుక్కున సైలెంట్‌లో పెడతాడు. అసలు ఉద్యోగమంతా ఆ ఫోన్‌లోనే ఉంది మరి! నాలుగింటికి గ్రూప్ ఫోటో, చేతిలో సర్టిఫికెట్. మేనేజరంటే నడుస్తూ అందర్నీ పలకరించే మనిషని తేల్చుకుని పిల్లవాడు ఇంటికి పోతాడు. ఆనక సారు చొక్కా చేతులు మడిచి రాత్రి దాకా చేసే పని చూసే భాగ్యం మీ ఒక్కరిదే.

మీ వంశం చిన్నదేం కాదు. అమెరికాలో కూతుళ్లను ఆఫీసుకు తీసుకెళ్లే రోజు 1993లో మొదలైంది. కొడుకులకు పిలుపు 2003లో గానీ రాలేదు. అమ్మాయిలు అంతగా అడుగుపెట్టని టెక్నికల్ పనులు వాళ్లకు చూపించడానికి జర్మనీ 2001లో గర్ల్స్ డే పెట్టింది. అవసరమే. 2018లో పీసా అనే అంతర్జాతీయ విద్యార్థుల సర్వేలో పదిహేనేళ్ల పిల్లల్ని ముప్పై ఏళ్లకు ఏం చేస్తారని అడిగితే, 41 దేశాల్లో అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం ఎక్కువమంది చెప్పే పది ఉద్యోగాల్లోనే ఏదో ఒకటి చెప్పారు. కంట పడని కొలువును ఎవరు కోరుకుంటారు?

ఆస్పత్రిలో మీ చుట్టాల పరిస్థితే నయం. రోగి ఒప్పుకోకపోతే, పని చూడ్డానికొచ్చిన విద్యార్థిని "కాసేపు బయట కూర్చో" అంటారు. డాక్టరు గారి పక్కన నిలబడితే కనపడనిది ఆ బయటే కనిపిస్తుంది: నర్సు రోగి దగ్గర ఎంతసేపుంటుందో, కాగితాల దగ్గర ఎంతసేపుంటుందో.

కాబట్టి విన్నపం. ఈసారి మేనేజరు పక్కన వద్దు, నెలాఖరున మా అకౌంట్స్ సెక్షన్‌కు దయచేయండి. ఫ్లోర్ టూర్లు, ఫోటోలు ఉండవు. రెండు బిల్లులు ఎందుకు కలవడం లేదో మాతోపాటు ఆ పిల్లవాడూ వెతుక్కుంటాడు. "ఈ పనిలో మీకు బొత్తిగా నచ్చనిదేంటి?" అని అడగడానికి మొహమాటపడితే, మీరే కాస్త కిర్రుమని పొడవండి.

హెచ్ఆర్ వాళ్లు ఒప్పుకోరని భయమా? నెలాఖరున వాళ్లు మా సెక్షన్ వైపే రారు లెండి.

ఇట్లు,
అకౌంట్స్‌లో ఒక గుమాస్తా