ఇంటిపట్టున ఉన్న నర్సుకు రిజిస్టర్‌లో చోటేది?

మా పెద్దమ్మ కూతురు జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో మూడేళ్లు పనిచేసింది. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, అత్తగారికి పక్షవాతం. పదకొండేళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయింది. 2022 డిసెంబరు ఆఖర్లో తెలంగాణలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ పడింది. తర్వాత వాటిని 7,094కు పెంచారు. అప్పుడు బీరువాలోంచి నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం తీసి చూసుకుంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్య రుసుము కట్టి, అడిగిన కాగితాలు ఇచ్చి రెన్యువల్ చేయించుకుంది. కార్డు చేతికొచ్చిన రోజు ఫోన్ చేసి అక్క అన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"ఇన్నాళ్లూ డబ్బు ఎందుకు కట్టలేదని అడిగార్రా తమ్ముడూ. పదకొండేళ్లు ఏం చేశావని మాత్రం ఎవరూ అడగలేదు. రేపు నా బెడ్ మీద పేషెంటుకి గుండె ఆగితే నాకు చెయ్యి ఆడుతుందో లేదో నాకే తెలీదు."

ఆ భయంలో అతి లేదు. ఆమె చదువుకున్న రోజుల్లో గుండె ఆగిన మనిషికి ముందు గాలి దారి, తర్వాత శ్వాస, ఆ తర్వాతే ఛాతీ నొక్కడం. ఏ, బీ, సీ అని బట్టీ పట్టించేవారు. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరుస మార్చి ఛాతీ నొక్కడాన్ని ముందుకు తెచ్చింది. 2015లో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అని లెక్క కూడా కట్టింది. ఆసుపత్రి చెత్తకు 1998 నిబంధనల్లో ఉన్న నల్ల సంచి 2016 నిబంధనల్లో లేదు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం మిగిలాయి. వార్డులో రోజూ తిరిగే మనిషికి ఇవన్నీ వాటంతట అవే అబ్బుతాయి. ఇంట్లో ఉన్న మనిషికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి, చేయించాలి.

పదకొండేళ్లు అక్క ఖాళీగా ఉందని కాదు. అత్తగారికి ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబులో ఆహారం ఇచ్చింది, రెండు గంటలకోసారి పక్కకు తిప్పింది, ఒక్క పుండు పడనివ్వలేదు. అది ఏ కాగితంలోనూ ఎక్కలేదు.

రిజిస్ట్రేషన్ అనే ఒక్క మాట కింద మనం రెండు సంగతులు కలిపేశాం. ఈమె నర్సింగ్ చదివి పాసైంది అన్నది ఒకటి. అది జీవితాంతం చెరగదు, చెరగకూడదు. ఈమె చేతిలో ఈరోజు రోగిని పెట్టొచ్చు అన్నది రెండోది. దానికి గడువుంటుంది, ఉండాలి. మన పద్ధతిలో గడువు దాటితే రెండూ కలిసి పోతాయి, రుసుము కట్టి కాగితాలు చూపితే రెండూ కలిసి తిరిగొస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

భారతీయ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నియమం ప్రకారం రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య చూపించాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఆ గంటలు సదస్సుల్లో, తరగతుల్లో కూర్చున్న గంటలు. రోగి పక్కన నిలబడ్డ గంటల గురించి ప్రశ్న లేదు. పదేళ్లు వార్డు మొహం చూడకపోయినా సదస్సుల సర్టిఫికెట్లు పోగైతే కార్డు చెల్లుతుంది. రోజూ రాత్రి డ్యూటీ చేస్తూ, సెలవు దొరక్క సదస్సులకు వెళ్లలేని అమ్మాయి మాత్రం ఇబ్బందిలో పడుతుంది. చేతి పనిని కొలవాల్సిన చోట కుర్చీలో కూర్చున్న సేపును కొలుస్తున్నాం.

బ్రిటన్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. అక్కడి నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2016 ఏప్రిల్ నుంచి రీవ్యాలిడేషన్, అంటే నర్సు అర్హతను మళ్లీ మళ్లీ నిర్ధారించే పద్ధతి, అమలు చేస్తోంది. మూడేళ్లలో 450 గంటలు నర్సుగా పనిచేసి ఉండాలి, 35 గంటల అభ్యసనం ఉండాలి, తన పని గురించి తానే ఆలోచించి రాసిన అయిదు నివేదికలు ఉండాలి. గంటలు లేనివాళ్లు రిజిస్టర్‌లోంచి బయటికి వెళ్లి, మళ్లీ రావాలంటే కోర్సో పరీక్షో పూర్తి చేయాలి. ఇంట్లో ఉన్నవాళ్ల కోసం మధ్యలో ఇంకో గది లేదు. 450 గంటలంటే వారానికి మూడు గంటల లోపే కదా అనిపించవచ్చు. ఇక్కడికి తెచ్చి చూడండి. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో వారానికి ఒకట్రెండు పూటలు వచ్చి వెళ్లే నర్సు ఉద్యోగం వెతికితే దొరకడం కష్టం. ఎనిమిది గంటల షిఫ్టో, పన్నెండు గంటల షిఫ్టో చేస్తే పూర్తిగా చేయాలి, లేకపోతే మానేయాలి. అలాంటి చోట బ్రిటన్ నియమాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే పిల్లల్ని కన్నందుకు ఆడవాళ్లకు శిక్ష వేసినట్టే.

నాకు సరైనదిగా తోచేది ఆస్ట్రేలియా పద్ధతి. అక్కడ పనిచేయని నర్సుల కోసం రిజిస్టర్‌లోనే వేరే వర్గం ఉంది. పేరు అందులో కొనసాగుతుంది, నర్సునని చెప్పుకోవచ్చు, రుసుము తక్కువ, అభ్యసన గంటల బాధ్యత లేదు. దానికి బదులు ఒక్క రోగిని కూడా ముట్టుకోనని ఒప్పుకోవాలి. తిరిగి పనిలోకి రావాలంటే గత అయిదేళ్లలో 450 గంటలు పనిచేశారా అని చూస్తారు. చేసి ఉండకపోతే ముందు తమ సామర్థ్యం చూపించుకోవాలి. దాపరికంతో పని లేదు. ఇంట్లో ఉన్నానని చెప్పుకుంటే పోయేదేమీ ఉండదు.

ఇది కేవలం వ్యక్తుల సౌకర్యం కాదని కోవిడ్ చూపించింది. 2020 మార్చిలో బ్రిటన్ తాత్కాలిక రిజిస్టర్ తెరిచి, ఆ మధ్యే వృత్తి వదిలిన నర్సుల్ని వెనక్కి పిలిచింది. ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా అదే పని చేసింది. ఎవరు మానేశారో, ఎప్పుడు మానేశారో వాళ్ల దగ్గర రాసి ఉంది. 2021 మే మొదట్లో మన కేంద్ర ప్రభుత్వం కూడా బీఎస్సీ, జీఎన్‌ఎం చదివినవాళ్లను కోవిడ్ విధుల్లోకి తీసుకోవచ్చంది. వంద రోజులు చేస్తే ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం అంది. మరి వాళ్లను ఏ జాబితా చూసి పిలవాలి? దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షల పైమాటే అని పార్లమెంటుకు చెబుతూ వచ్చారు. నమోదైన వాళ్లందరూ పనిలో ఉన్నవాళ్లు కారు. విదేశాలకు వెళ్లినవాళ్లు, వయసైపోయినవాళ్లు, మా అక్కలాంటివాళ్లు కూడా అందులోనే ఉంటారు.

ఇప్పుడు మార్చుకునే వీలు వచ్చింది. 1947 నాటి భారతీయ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. అందులో జాతీయ రిజిస్టర్ ఉంది, రాష్ట్రాల రిజిస్టర్లు ఉన్నాయి. ఆ రిజిస్టర్లలో 'ప్రస్తుతం పనిచేయడం లేదు' అని ఇంకో గడి చేర్చడానికి ఖర్చేముంది? ఖర్చంతా తిరిగొచ్చే దారికే అవుతుంది. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, సీనియర్ సిస్టర్ పక్కన నిలబెట్టి చేయించే శిక్షణ కావాలి. దానికి స్టయిపెండ్ ఇవ్వాలి. చేతి నుంచి డబ్బు పెట్టి నేర్చుకోమంటే, ఇంట్లో ఆ డబ్బు అడగలేని వాళ్లే ముందు ఆగిపోతారు.

అసలే నర్సులు చాలడం లేదు, మళ్లీ ఈ అడ్డమెందుకు అనేవాళ్లుంటారు. అడ్డం ఇప్పటికే ఉంది. అక్క ఆ స్టాఫ్ నర్సు పోస్టుల పరీక్ష రాయలేదు. పోటీకి భయపడి కాదు. ఉద్యోగం వస్తే మొదటి రోజే ఒంటరిగా వార్డు అప్పగిస్తారేమోనని భయపడింది. పదిమంది ముందు నాకిది తెలియదు అని చెప్పగలిగే చోటు ఎక్కడా లేక ఆగిపోయింది.

భర్త ఉద్యోగం మీద విదేశాలకు వెళ్లిన మన అమ్మాయిల్లో నర్సులూ ఉన్నారు. అక్కడ లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడు ఇక్కడి కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ పత్రం, అంటే రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని చెప్పే కాగితం, అడుగుతారు. రిజిస్ట్రేషన్ గడువు ఉండగానే పునరుద్ధరించుకోండి. కౌన్సిల్ దగ్గర ఉన్న ఫోన్ నంబరు, చిరునామా మారితే వెంటనే మార్పించండి. పాత ఆసుపత్రి ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్లు ఈరోజే తీసి పెట్టుకోండి. ఆ ఆసుపత్రి చేతులు మారితే వాటిని మళ్లీ రాసిచ్చేవాళ్లు దొరకరు.

అక్క కిందటి నెల నుంచి తనతో చదివిన స్నేహితురాలి దగ్గర, ఓ నర్సింగ్ కాలేజీ ల్యాబులో, ఆదివారాలు బొమ్మ మీద ఛాతీ నొక్కే సీపీఆర్ చేస్తోంది. చేతులు లాగేస్తున్నాయట. లెక్క మాత్రం తప్పడం లేదంది.