ఊరూ పేరూ లేని పాటలు

బెజవాడ, గుంటూరు ఇళ్ల అటకల మీదున్న గ్రామఫోన్ ప్లేట్లు, క్యాసెట్లు ఈ మధ్య ఊరికి దూరంగా ఉంటున్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తున్నాయి. సెలవులకు ఇంటికి వెళ్లినవాళ్లు ఓపిగ్గా కూర్చుని వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపుతున్నారు. చేతులెత్తి దండం పెట్టాల్సిన పని. కానీ వచ్చిన ఫైలు మీద "తాతగారి పాట 3" అని తప్ప ఇంకేమీ ఉండదు. రాసిందెవరు, పాడిందెవరు, అది నాటకంలో పద్యమా, రేడియో పాటా? ఏదీ తెలియదు. ప్లేటు మీది లేబుల్‌ను ఫోటో తీయడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పెట్టకపోతే సగం పాట పోయినట్టేనని నా గట్టి నమ్మకం.

పాత నాటక పద్యం వినిపిస్తే ఇక్కడి మన పిల్లలు "ఎందుకలా అరుస్తున్నారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మైకుల్లేని రోజుల్లో పందిరి చివర కూర్చున్నవాడికి కూడా ప్రతి అక్షరం వినపడాలంటే పై శృతిలో, గుండెల నిండా ఊపిరి పట్టి పాడాల్సిందే. 1925 ప్రాంతం దాకా రికార్డింగుకూ ఎలక్ట్రిక్ మైకు లేదు. పెద్ద గొట్టం ముందు నిలబడి గొంతెత్తాలి. పైగా ప్లేటులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే. జనం వన్స్ మోర్ అంటే ఎంతసేపైనా రాగం తీసే నటుడు అక్కడ ఆ రాగాన్ని కుదించుకోక తప్పలేదు. ప్లేటులో విన్నదే ఆయన పాట మొత్తం అనుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టు. ఇంకో సంగతి. తొలినాటి ప్లేట్లన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్ల వేగంతో తయారైనవి కావు. నెమ్మదిగా తిరగాల్సినదాన్ని వేగంగా తిప్పి ఎక్కిస్తే శృతి పెరిగి గొంతు కీచుమంటుంది. ఆ కీచుదనం గాయకుడిది కాదు.

బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో వేదిక మీద పాడిన "మీరజాలగలడా" ఎంతమందికి నాటకం పాటగా తెలుసు? 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం సినిమాలో సుశీల గారు పాడారు కాబట్టి మన కార్యక్రమాల్లో అది సినిమా పాటగానే చలామణి అవుతోంది. సుశీల గారి పాట గొప్పదే. దాని వెనక ఆడవేషం కట్టి ఆంధ్రదేశాన్ని ఊపేసిన ఒక నటుడున్నాడని చెబితే ఆ గొప్ప ఇంకా పెరుగుతుంది.

పుష్పవిలాపం కూడా అంతే. ఘంటసాల పేరు అందరూ చెబుతారు. ఆ పద్యాలు గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు చెప్పిన కరుణశ్రీ (జంధ్యాల పాపయ్యశాస్త్రి) గారివని చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. నాటకాల వాళ్ల దీర్ఘరాగాన్ని తగ్గించి, మాట ముందు, రాగం దాని వెనక అన్నట్టుగా ఘంటసాల పద్యం పాడారు. మైకు వచ్చాక సాధ్యమైన పాడే తీరు అది. పక్కన ఒక పాత నాటక పద్యం పెట్టి వినిపించండి, పదేళ్ల పిల్లవాడికి కూడా తేడా పట్టుబడుతుంది.

పాట ఎవరిదో చెప్పే విషయంలో విజయవాడ రేడియో మనకు మంచి అలవాటు నేర్పింది. 1948 డిసెంబర్ 1న మొదలైన ఆ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటివాళ్లు పనిచేశారు. పొద్దున్నే భక్తిరంజని, ఆపైన లలిత సంగీతం. గొంతు పెంచక్కర్లేదు, పక్కనే కూర్చుని మనకోసమే పాడుతున్నట్టుండే తీరు. ప్రతి పాటకూ రచన ఎవరు, సంగీతం ఎవరు, గానం ఎవరు అని చెప్పేవారు. "ఈ మాసపు పాట" అనే కార్యక్రమంలో అయితే సాహిత్యాన్ని చరణం చరణంగా నేర్పేవారు కూడా. ఇళ్లలో రేడియో నుంచి క్యాసెట్లోకి పట్టుకున్న పాటల్లో ఆ ప్రకటనలు ఇంకా ఉన్నాయి. ఫైలు చిన్నదవుతుందని, వినడానికి అడ్డమని వాటిని కత్తిరించేస్తున్నారు. దయచేసి కత్తిరించకండి. చాలా పాటలకు మిగిలిన ఆధారం ఆ రెండు వాక్యాలే.

ఈ వేసవిలో ఇంటికి వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. పాత ప్లేట్లు లక్కతో చేసినవి, స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఎల్పీ (తర్వాతి కాలపు నెమ్మదిగా తిరిగే ప్లేటు) ముల్లుతో వాయించకండి, 78 ప్లేట్ల ముల్లు వేరు, దాని మొన వెడల్పుగా ఉంటుంది. రెండు వైపుల లేబుళ్లూ, క్యాసెట్ అట్ట మీది చేతిరాతా ఫోటో తీయండి. ఆ ప్లేటు ఇంట్లోకి ఎలా వచ్చిందో అమ్మమ్మనో పెదనాన్ననో అడిగి, వాళ్ల మాటను ఫోన్లో రికార్డు చేసి పాట ఫైలు పక్కనే పెట్టండి. మన తెలుగు సంఘం పెద్దలకూ ఒక మనవి: ఉగాది కార్యక్రమంలో పాడబోయే పిల్లల పేరు చెప్పినట్టే పాట రాసినవాళ్ల పేరు, స్వరం కట్టినవాళ్ల పేరు, అది నాటకానిదో రేడియోదో సినిమాదో కూడా వేదిక మీద చెప్పించండి. కార్యక్రమ పత్రంలో అచ్చు వేయించండి. ఆ వివరాలు సేకరించే పని నాకు అప్పగించినా సంతోషంగా చేస్తాను.