సవరణ: కలబంద రాత్రిపూట ఆక్సిజన్ ఇవ్వదు

కలబంద కుండీ పడకగదిలో పెట్టుకుంటే రాత్రంతా ఆక్సిజన్ వదులుతుందని మొన్న రాశాను. అది తప్పు. చదివి కుండీలు లోపలికి మార్చినవాళ్లకు క్షమాపణలు.

కిరణజన్య సంయోగక్రియలో మొక్క వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌ నుంచి కాదు, నీటి నుంచి వస్తుంది. 1941లో శాస్త్రవేత్తలు రూబెన్, కామెన్ బృందం మామూలు ఆక్సిజన్ కన్నా బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని వాడి దీన్ని చూపించింది. ఆ నీటిని విడగొట్టాలంటే వెలుతురు ఉండాల్సిందే, కాబట్టి చీకట్లో కలబందైనా రావిచెట్టైనా ఆక్సిజన్ ఇవ్వలేదు, పైగా మనలాగే కాస్త పీల్చుకుంటుంది కూడా.

మరి నేనెక్కడ పొరబడ్డానంటే, కలబంద, నాగజెముడు లాంటివి పగలు ఎండకు నీరు ఆవిరైపోకుండా పత్రరంధ్రాలు చాలావరకు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. నేను ఆ తీసుకోవడాన్ని ఆక్సిజన్ వదలడంగా అర్థం చేసుకున్నాను. నిజానికి అవి ఆ వాయువును పుల్లగా ఉండే మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి, తెల్లారాక అందులోంచి మళ్లీ కార్బన్ డయాక్సైడ్ బయటికి తీసి, అప్పుడు ఎండ సాయంతో చక్కెర తయారు చేసుకుంటాయి, ఆక్సిజన్ పుట్టేది కూడా అప్పుడే.

ఈ సంగతిని మొదట నాలుకతో పట్టుకున్నది బెంజమిన్ హేన్, మన సామర్లకోట తోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. ఇలాంటిదే అయిన రణపాల ఆకు పొద్దున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి ఆ పులుపు పోతోందని ఆయన రాసింది 1815లో అచ్చయింది. నాకు ఇది భలే నచ్చింది.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.