తేదీ సరే, ఏ టేపు?

నలుగురం కలిసి అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ షో ఒకటి విందాం అనగానే ప్రతి గ్రూపులో ఒకటే గొడవ: ఏ తేదీ? ఒకరు 1977 మే 8 అంటారు. అది అందరూ అరగదీసిందే కదా, 1972 ఆగస్టు 27 పెట్టండి అని ఇంకొకరు. బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ శాక్సోఫోన్ ఉన్న 1990 మార్చి 29 లేకపోతే నేను రానని మూడోవాళ్లు. తేదీ తేలేసరికి సగం మందికి ఓపిక అయిపోతుంది. ఇక ఎవరికి దొరికిన లింకు వాళ్లు నొక్కేస్తారు. పావుగంట తిరక్కుండానే ఒకరు గిటారిస్టు జెర్రీ గార్సియా సోలోలో ఉంటారు, ఇంకొకరు ఇంకా చరణంలోనే ఉంటారు. ఒకరికి జనం కేకలు వినిపిస్తుంటాయి, ఇంకొకరికి హాల్లో మనుషులే లేనట్టుంటుంది. దీన్ని కలిసి వినడం అనుకుంటున్నాం. నిజానికి ఒకే సాయంత్రానివే అయినా అవి వేరువేరు టేపులు, ఎవరి టేపు వాళ్లు విడిగా వింటున్నారు.

తేదీ గురించి తక్కువ కొట్టుకోండి. టేపు గురించి ఎక్కువ కొట్టుకోండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కాకపోతే దానికి కారణాలు చాలా ఉన్నాయి.

1965 నుంచి 1995 వరకు ఈ బ్యాండ్ 2,300కు పైగా షోలు ఆడింది. ఏ రెండు రాత్రుల జాబితా ఒకేలా ఉండదు. ఉన్నా, పాట వెళ్లే దారి మారిపోతుంది. అందుకే అభిమానులు మొదటి నుంచీ రికార్డు చేసుకున్నారు, బ్యాండూ పెద్దగా అడ్డు చెప్పలేదు. 1984 అక్టోబరులో బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్ షోల నుంచి టేపర్లకు, అంటే రికార్డు చేసుకునే అభిమానులకు, సౌండ్‌బోర్డు (హాల్లో శబ్దాన్ని కలిపే మిక్సరు) వెనక ప్రత్యేకంగా చోటే ఇచ్చారు. అమ్ముకోవద్దు, పంచుకోండి అన్నదొక్కటే షరతు. ఫలితంగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక్కో షోకి ఐదారు సోర్సులు, అంటే వేరువేరు రికార్డింగులు, పేరున్న షోలకు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. లింకు పేరులో తేదీ పక్కనే ఎస్‌బీడీ (సౌండ్‌బోర్డు నుంచి తీసింది) అనో, ఏయూడీ (ఆడియన్స్‌లోంచి మైకుతో పట్టింది) అనో, ఎంటీఎక్స్ (మ్యాట్రిక్స్, ఆ రెండూ కలిపింది) అనో ఉంటుంది, ఆ తర్వాత ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యే ఆ టేపుకు గుర్తింపు. "5/8/77 వింటున్నాం" (అమెరికా పద్ధతిలో మే 8) అని మెసేజ్ పెడితే సరిపోదు, ఆ సంఖ్య కూడా పెట్టాలి.

సోర్సు మారితే ఏమవుతుందో చూడండి. అన్నిటికన్నా ముందు నిడివి మారుతుంది. క్యాసెట్ డెక్కులన్నీ ఒకే వేగంతో తిరగవు. 3 శాతం వేగం ఎక్కువైతే శ్రుతి సుమారు అర స్వరస్థానం పైకి పోతుంది, 10 నిమిషాల పాట 9 నిమిషాల 42 సెకన్లకే అయిపోతుంది. 90 నిమిషాల సెట్‌లో (విరామానికి ముందో తర్వాతో ఆడే భాగం) తేడా రెండున్నర నిమిషాలు దాటుతుంది. ఇద్దరూ ఒకే క్షణంలో ప్లే నొక్కినా లాభం లేదు. పరీక్ష సులువే. పాటకూ పాటకూ మధ్య వీళ్లు తీరిగ్గా శ్రుతి చేసుకుంటారు, అప్పుడు ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి స్పీకరు దగ్గర పెట్టండి. ముల్లు షో మొత్తం ఒకే పక్కకు, ఒకే మోతాదులో వాలుతుంటే తప్పు డెక్కుది. మొదట్లో సరిగ్గా ఉండి చివరికి వచ్చేకొద్దీ శ్రుతి పైకి జరుగుతుంటే, హాల్లో రికార్డరు బ్యాటరీ నీరసించిందన్నమాట. మోటారు నెమ్మదిగా తిరిగినప్పుడు రికార్డయిన టేపును మామూలు వేగంతో వేస్తే వేగంగానే వినిపిస్తుంది. మొదటి రకాన్ని కంప్యూటరులో ఒకే అంకెతో సరిచేయొచ్చు. రెండో రకాన్ని ముక్కలు ముక్కలుగా సరిచేయాలి. ఓపికగా ఆ పని చేసినవాళ్లు సోర్సు వివరాల్లో రాస్తారు, చదవండి.

తర్వాతి సమస్య కోతలు. టేపర్లు ఎక్కువగా వాడింది 90 నిమిషాల క్యాసెట్, వైపుకు 45 నిమిషాలు. 1972 మే 11న రాటర్‌డ్యామ్‌లో ఆడిన డార్క్ స్టార్ అనే పాట ఒక్కటే ఆ 45 నిమిషాలను దాటేసింది. అంటే పాట సరిగ్గా మొదలైన క్షణంలో కొత్త వైపు వేసుకున్నా చివర తెగిపోతుంది. సౌండ్‌బోర్డు రీళ్లకూ ఈ బాధ తప్పలేదు. 7 అంగుళాల రీలు మీద 1,800 అడుగుల టేపు, సెకనుకు 7.5 అంగుళాల వేగంతో 48 నిమిషాలే వస్తుంది. రీలు మార్చిన చోట పోయిన ముక్కను ఆడియన్స్ టేపు నుంచి తెచ్చి అతుకుతారు. ఆ నలభై యాభై సెకన్లు శబ్దం ఒక్కసారిగా గుహలోకి వెళ్లి మళ్లీ బయటికి వచ్చినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు తమ ఫైలు పాడైందనుకుని ఆపేస్తారు. కాబట్టి అతుకు ఎక్కడుందో ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు తగువు. "సౌండ్‌బోర్డు ఉండగా ఆడియన్స్ టేపు ఎవరు వింటారు?" అనేవాళ్లతో నాకు పూర్తిగా విభేదం ఉంది. సౌండ్‌బోర్డు టేపులో ఉండేది మిక్సరులోంచి వెళ్లిన శబ్దమే. చిన్న హాలులో గిటార్ ఆంప్లిఫయర్లు సొంతంగానే గోడలు అదరగొడతాయి కాబట్టి మిక్సరులో వాటిని తగ్గించి పెడతారు. టేపు మీద చూస్తే గాత్రం నెత్తి మీదుంటుంది, గిటార్ పక్క గదిలో ఉంటుంది. హాల్లో ఉన్నవాళ్లు విన్నది అది కానే కాదు.

1974 సంగతి ఇంకా స్పష్టం. ఆ ఏడాది మార్చి 23న కౌ ప్యాలెస్‌లో దిగిన వాల్ ఆఫ్ సౌండ్ అనే స్పీకర్ల గోడ దాదాపు 75 టన్నుల సరంజామా. స్పీకర్లన్నీ బ్యాండు వెనకే ఉంటాయి, బ్యాండుకు వినిపించే మానిటరూ అదే, జనానికి వినిపించే పీఏ కూడా అదే. మరి వెనక నుంచి వచ్చే ఆ హోరంతా గాయకుడి మైకులో దూరి కీచుమనదా? అందుకని ఒక్కో గాయకుడికి రెండు మైకులు పైనా కిందా పెట్టి, ఒకదానికి తీగలు తిరగేసి కలిపారు. దూరం నుంచి వచ్చిన శబ్దం రెండింటిలోనూ సమానంగా పడి రద్దయిపోతుంది, ఒక మైకుకు పెదవి ఆనించి పాడిన గొంతు మాత్రం మిగులుతుంది. ఉపాయం అద్భుతం. దానికి చెల్లించిన మూల్యం గొంతు పలచబడటం. పెదవి నాలుగు వేళ్లు జరిగితే సగం పాట గాలికిపోతుంది. సౌండ్‌బోర్డు టేపులో ఈ లోపం దాపరికం లేకుండా వినిపిస్తుంది. మంచి చోటు దొరికిన టేపరు ఆ గోడను ఎదురుగా నిలబడి పట్టుకున్న రికార్డింగు వేసి చూడండి. బేసిస్టు ఫిల్ లెష్ వాయించే బేస్ ఒక్కో తీగా ఒక్కో దిక్కు నుంచి వస్తుంది. 1974 షో కలిసి వినాలంటే నా ఓటు కళ్లు మూసుకుని ఆడియన్స్ టేపుకే. 1980ల మొదట్లో సౌండ్‌బోర్డు క్యాసెట్లు చాలావాటికీ ఇదే తీర్పు.

అలాగని ప్రతి ఆడియన్స్ టేపూ బంగారం కాదు. మైకు ఎక్కడుందో చూడండి. ఎఫ్‌ఓబీ అని రాసి ఉంటే సౌండ్‌బోర్డుకు ముందు, అంటే వేదికకు దగ్గర పట్టిందని అర్థం. ఆ తర్వాత టేపు వంశవృక్షం చదవండి. మాస్టర్ క్యాసెట్ నుంచి నేరుగా డిజిటల్‌కు ఎక్కిందా, నడుమ మూడు నాలుగు క్యాసెట్లు మారిందా? ప్రతి కాపీకీ బుస పెరుగుతుంది, తాళాల మెరుపు తగ్గుతుంది. డాల్బీ బి (బుస తగ్గించే పద్ధతి) పెట్టి రికార్డు చేసిన టేపును డాల్బీ లేకుండా కాపీ చేస్తే చెవిలో గుచ్చుకుంటుంది. డాల్బీ లేని టేపుకు డాల్బీ తగిలిస్తే దుప్పటి కప్పినట్టుంటుంది. ఎంపీ3ని ఫ్లాక్‌గా, అంటే నాణ్యత పోని ఫైలుగా, మార్చి పెట్టిన నకిలీలూ తిరుగుతుంటాయి. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు అడ్డంగా గీత కనిపిస్తే అనుమానించండి. పాత క్యాసెట్‌లోనూ పై శబ్దాలు పోతాయి, కానీ మెల్లగా కరిగిపోతాయి.

మ్యాట్రిక్స్ సంగతి కొంచెమే చెబుతాను. సౌండ్‌బోర్డునూ ఆడియన్స్ టేపునూ కలిపి చేసేది అది. వేదికకు 30 మీటర్ల దూరంలో ఉన్న మైకుకు శబ్దం సుమారు 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, ఆ మేరకు సౌండ్‌బోర్డును వెనక్కి జరపాలి. పైగా రెండు యంత్రాల వేగాలు వేరు, 0.1 శాతం తేడా గంటలో 3.6 సెకన్లవుతుంది. అందువల్ల మ్యాట్రిక్స్ బాగుందో లేదో మొదటి పాటతో తేల్చకండి. సెట్ చివరి పాట వినండి. గొంతు రెండుగా చీలినా, తాళాలు సుడి తిరుగుతున్నట్టు ఉన్నా పక్కన పెట్టేయండి.

ఆడియన్స్ టేపు వైపు మొగ్గడానికి ఇంకో కారణం పూర్తిగా ఆచరణకు సంబంధించింది. 2005 నవంబరులో డౌన్‌లోడ్ల మీద జరిగిన రభస తర్వాత ఆర్కైవ్‌లో ఈ బ్యాండు ఆడియన్స్ టేపులు దించుకోవచ్చు, సౌండ్‌బోర్డులు మాత్రం అక్కడే ప్లే చేసి వినాలి. ఈ నియమాన్ని గౌరవించండి, ఏదో ఒక ఉపాయంతో స్ట్రీమును దించి గ్రూపులో పంచకండి. స్ట్రీములో నెట్ తడబడితే ఒకరు ఆగిపోతారు. ట్రాక్ మారినప్పుడు చిన్న ఖాళీ వస్తుంది. ఈ సంగీతమంతా ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారడం మీదే బతుకుతుంది, సరిగ్గా ఆ జారుడులో గొంతు పట్టుకున్నట్టు ఆగితే ఎలా? ఆడియన్స్ టేపు ఫ్లాక్ ఫైళ్లు ముందురోజే అందరూ దించుకుని, ఫైళ్ల సంఖ్య, మొత్తం నిడివి సరిచూసుకుని, ఫూబార్2000 లాంటి ఖాళీ లేకుండా వేసే ప్లేయరులో పెట్టుకుంటే గొడవే లేదు. దించుకునేటప్పుడు ఎంపీ3 తీసుకోకండి. ఆ పద్ధతిలో శబ్దాన్ని 1,152 శాంపిళ్ల డబ్బాల్లో నింపుతారు, చివరి డబ్బా నిండకపోతే మిగిలిన చోట నిశ్శబ్దం పోస్తారు. అతుకుల దగ్గర టిక్కుమనేది ఆ నిశ్శబ్దమే. అధికారిక విడుదల వింటున్నట్టయితే స్ట్రీమింగ్ యాప్‌లో క్రాస్‌ఫేడ్, వాల్యూమ్ సమం చేసే ఆప్షన్, షఫుల్ మూడూ తీసేయండి.

మొదలుపెట్టడానికి టెక్స్ట్ గ్రూపులో 3, 2, 1 చాలు. సెకను తేడా ఎవరికీ అడ్డురాదు. ఒకరు వీడియో కాల్‌లో పాట పెట్టి అందరికీ వినిపించే పద్ధతి మాత్రం వద్దు. కాల్ సాఫ్ట్‌వేర్ మనిషి మాట కోసం తయారైంది, తాళాలనూ చప్పట్లనూ రొద అనుకుని తుడిచేస్తుంది. వేసవిలో కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో శనివారం రాత్రి 7:30 అంటే న్యూజెర్సీ ఎడిసన్‌లో 10:30, హైదరాబాదులో ఆదివారం ఉదయం 8:00. ముగ్గురికీ కుదిరే వేళ అదొక్కటే. నవంబరులో అమెరికాలో గడియారాలు మారాక హైదరాబాదుకు 9:00 అవుతుంది, ఎవరో ఒకరు తప్పకుండా మర్చిపోతారు, ముందురోజే గుర్తుచేయండి. బే ఏరియాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. గూగుల్ ఆఫీసుకు వెళ్తూ రోజూ దాటే షోర్‌లైన్ యాంఫీథియేటర్‌లోనూ, స్టాన్‌ఫర్డ్ ఫ్రాస్ట్ యాంఫీథియేటర్‌లోనూ ఈ బ్యాండ్ ఎన్నోసార్లు ఆడింది. ఆ షోల ఆడియన్స్ టేపులు ఆ దగ్గర్లోనే కూర్చుని వినొచ్చు, హెడ్‌ఫోన్లతో.

ఒకే గదిలో వింటుంటే అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు వద్దు. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. ఆ డబ్బాలో అది అసలు పలకదు. లెష్ తాళం మోసే బేస్ వాయించడు, గార్సియాతో సమానంగా మాట్లాడతాడు. ఆ మాట వినిపించకపోతే సంభాషణలో సగమే విన్నట్టు.

మొదలుపెట్టాక దూకకండి. మొదటి పాటలో మిక్స్ కుదరదు, గాత్రం లేస్తూ పడుతూ ఉంటుంది, అది ప్రతి షోలోనూ ఉండేదే. రెండు సెట్ల మధ్య విరామం మీరూ తీసుకోండి, భోజనాలూ కబుర్లూ అక్కడే కానివ్వండి. రెండో సెట్‌లో డ్రమ్స్ (డ్రమ్ములు మాత్రమే మోగే భాగం), స్పేస్ (దాని తర్వాత పాట లేకుండా సాగే వాయిద్యం) వచ్చాయంటే ముందుకు తోసేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. డ్రమ్మర్ మికీ హార్ట్ తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ తండ్రి అల్లా రఖా దగ్గర లయ నేర్చుకున్నవాడు, ఆ పావుగంటలో ఆ చదువంతా వినిపిస్తుంది. ఎస్టిమేటెడ్ ప్రాఫెట్ అనే పాట ఏడు లెక్కలో నడుస్తుంది. మిశ్రచాపు వేసే అలవాటున్న చెయ్యి దాన్ని ఇట్టే పట్టుకుంటుంది, వేస్తూ వినండి.

ఇంతకీ 1977 మే 8 సంగతి. కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్‌లో ఆ తేదీన ఆడిన షోకి అంత పేరు ఆ రాత్రి వాయిద్యం వల్ల ఎంత వచ్చిందో, బ్యాండు సౌండ్ ఇంజనీరు బెట్టీ కాంటర్-జాక్సన్ చేసిన రికార్డింగు వల్ల అంతే వచ్చిందని నా అభిప్రాయం. ఆవిడ సామాను పెట్టిన గోదాము 1986లో వేలానికి వచ్చింది, రీళ్లు బయటి చేతుల్లో పడ్డాయి, అక్కడి నుంచి శుభ్రమైన కాపీలు ఊరూరా తిరిగాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ రికార్డింగును భద్రపరచాల్సినవాటి 2011 జాబితాలో చేర్చింది, అధికారికంగా 2017లో విడుదలైంది. ఆ మే నెలలో అంత బాగా ఆడిన రాత్రులు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి అంత మంచి టేపు దొరక్కపోవడమే తేడా. కొత్తవాళ్లతో మొదలుపెడితే అదే పెట్టండి, అధికారిక విడుదలే పెట్టండి, రెండో సెట్‌లో స్కార్లెట్ బెగోనియాస్ నుంచి ఫైర్ ఆన్ ద మౌంటెన్‌లోకి జారే ఆ ఇరవై అయిదు నిమిషాల్లో ఎవరూ టైపు చేయకండి.

గార్సియా పుట్టింది ఆగస్టు 1న, పోయింది ఆగస్టు 9న. ఆ తొమ్మిది రోజులూ అభిమానులు రోజుకొక షో వింటారు. ఈసారి ఒక్కరోజైనా 1974 ఆడియన్స్ టేపు పెడదాం. కామెంట్లలో తేదీ ఒక్కటే రాసి వదిలేయకండి. సోర్సు సంఖ్య, మొత్తం నిడివి, అతుకులు ఏ నిమిషంలో ఉన్నాయో కూడా రాయండి.