పాలవాడు ఫ్రాన్స్‌లో పుట్టి ఉంటే

ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ రంగు వస్తుందని ఎల్‌కేజీ పిల్లాడినడిగినా చెప్తాడు. 2009లో యూరోపియన్ కమిషన్ కూడా పాపం ఆ మాటే అంది: రెడ్ వైన్, వైట్ వైన్ కలిపి రోజే (గులాబీ వైన్) అని అమ్ముకోండి, మాకేం అభ్యంతరం లేదు అని. ఇంకేముంది, ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ వైన్ రైతులు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. రోజే అంటే నల్లద్రాక్ష రసాన్ని కాసేపు తొక్కలతో ఉంచి, ఆ లేత రంగు దిగాక తియ్యాలి గానీ, రెండు సీసాలు ఒంపి గరిటె తిప్పడమేంటి, మా పరువేం గాను అని గగ్గోలు. జూన్‌కల్లా కమిషన్ తోక ముడిచింది. అదే ఫ్రాన్స్‌లో, షాంపేన్ ప్రాంతంలో మాత్రం రెడ్డూ వైటూ కలిపి రోజే చెయ్యడం పూర్తిగా చట్టబద్ధం. పైగా దానికి రేటు కూడా మామూలు షాంపేన్ కంటే ఎక్కువే పెడతారు.

కాబట్టి కలపడంలో తప్పేం లేదు, ఎక్కడ నిలబడి కలిపావన్నదే పాయింటు. మన పాలవాడు చెంబుడు నీళ్లు పోస్తే నానా తిట్లూ తిడతాం. పాపం ఆయన ఫ్రాన్స్ వైన్ సీమ బోర్డోలో పుట్టి, పాలకి బదులు కాబర్నే అనే ద్రాక్ష వైన్‌లో మెర్లో అనే మరో రకం పోసి ఉంటే సెల్లార్ మాస్టర్ (వైన్లు కలపడంలో ఘనుడు) అని ఫొటో తీసి గోడకి తగిలించేవాళ్లు.

ఈ విషయం మీద నేను తీవ్రంగా ఆలోచించి తేల్చిందేంటంటే, బ్లెండ్ వైన్ (కలిపిన వైన్) రుచి నాలుకకి తెలియదు, గెజిట్‌కి తెలుస్తుంది. ఇటలీలో కియాంటీ సంగతే చూడండి. 1967 నాటి రూల్ ప్రకారం ఆ రెడ్ వైన్‌లో తెల్లద్రాక్ష కనీసం 10 శాతం ఉండాల్సిందే, లేకపోతే సీసా మీద ఆ పేరు రాసుకోవడానికే వీల్లేదు. కట్ చేస్తే 2006 నుంచి, అందులోనే అసలు పాత సీమదైన కియాంటీ క్లాసికోలో తెల్లద్రాక్ష నిషేధం. ఒకప్పుడు ఉండి తీరాల్సిన రుచి చివరికి నేరమైపోయింది. ఇక ఫ్రాన్స్‌లో షాతోనఫ్ ద్యు పాప్ అనే వైన్ ఊరి వాళ్లయితే 13 రకాల ద్రాక్షకి అనుమతి ఇచ్చుకున్నారు, అందులో తెల్లవి కూడా ఉన్నాయి, కావాలంటే రెడ్‌లోనే కలిపేసుకోవచ్చు. ఆ ఊరి మేయరే 1954లో ఎగిరే పళ్లేలు (గ్రహాంతరవాసుల వాహనాలు) మా ఊళ్లో దిగరాదు, దిగితే స్వాధీనం చేసుకుంటాం అని ఉత్తర్వు జారీ చేశాడు (నిజమండీ, ఒట్టు). పద్నాలుగో రకం పై లోకం నుంచి ఊడిపడుతుందని భయపడ్డాడు కాబోలు.

సరే, రూల్స్ వాళ్లవి, ముక్కు మనది కదా అంటారా? కాలిఫోర్నియా వైన్ సీమ నాపాలో వీకెండ్ టేస్టింగ్‌కి వెళ్లిన మనవాళ్లని చూడండి. గ్లాసు కాడ రెండు వేళ్లతో పట్టుకుని, గిరగిరా తిప్పి, ముక్కు మొత్తం లోపల పెట్టి, కళ్లు మూసుకుని, చివరికి పక్కవాడి మొహం చూసి 'బ్లాక్‌కరెంట్' అంటారు. ఐస్‌క్రీమ్‌లో తప్ప ఆ పండుని చూసిన పాపాన పోలేదు. నోట్లో తిరుగుతున్నది అచ్చం నేరేడు పండు వగరే, కానీ పైకి అంటే పరువు పోదూ? తోలు, పెన్సిల్ చెక్కిన పొట్టు, వైట్‌లో అయితే పిల్లి ఉచ్చ, ఇవన్నీ మాత్రం నిర్భయంగా అనొచ్చు, మెచ్చుకోలు కిందే లెక్క.

బోర్డో యూనివర్సిటీలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే ఆయన 54 మంది వైన్ విద్యార్థులకి ఒకే వైట్ వైన్‌ని రెండు గ్లాసుల్లో ఇచ్చాడు, ఒకదాంట్లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి. 2001లో అచ్చయిన ఆ ముచ్చట ఏంటంటే, ఎర్ర గ్లాసుని వాళ్లు రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకున్నవాళ్లు కదా, కళ్లతో వాసన చూడగలరు.

కానీ నా దృష్టిలో ఈ కాలపు అసలు సిసలు బ్లెండర్ రూడీ కుర్నియావాన్. కాలిఫోర్నియాలో, ఆర్కేడియాలోని తన ఇంట్లో చవక వైన్లు కలిపి, పాత సీసాల్లో పోసి, లేబుళ్లు అంటించి, ఫ్రాన్స్‌లోని బోర్డో, బర్గండీ మహామహుల పేర్లతో కోటీశ్వరులకి అమ్మాడు. తాగినవాళ్లు తన్మయత్వంతో తలలూపారు. ఏళ్ల తరబడి ఆ నాలుకలేవీ పట్టుకోలేదు. మరి ఎక్కడ దొరికాడంటారా? 2008లో న్యూయార్క్ వేలానికి బర్గండీలోని పొన్సో కుటుంబం వారి క్లో సాన్ దెనీ అనే వైన్ సీసాలు పెట్టాడు, 1945 నుంచి 1971 దాకా సంవత్సరాలు వేసి. ఆ కుటుంబం ఆ వైన్ చెయ్యడం మొదలుపెట్టిందే 1980లలో! ఆ ఇంటి లోరాన్ పొన్సో స్వయంగా ఫ్రాన్స్ నుంచి విమానం ఎక్కి వచ్చి ఆ సీసాల వేలం ఆపించాడు. ఒక్క చుక్క తాగాల్సిన పని పడలేదు, క్యాలెండర్ సరిపోయింది.

2014లో రూడీకి పదేళ్ల జైలు వేశారు. మరుసటి ఏడాది ఆయన నకిలీ సీసాలు ఐదు వందలకి పైగా టెక్సస్‌లో ధ్వంసం చేశారు. కనీసం పగలగొట్టే ముందు ఒక టేబుల్ వేసి, తెల్లగుడ్డ పరిచి, నిపుణుల్ని కూర్చోబెట్టి మార్కులు వేయించాల్సింది. ఎన్ని వచ్చి ఉండేవో అని నాకు ఇప్పటికీ టెన్షనే.